‘మీ ఇష్టం’ అని రాయాలా, ధర రాయాలా: చిన్న వ్యాపారానికి ఏ పద్ధతి సరిపోతుంది

మెస్సు నడిపేవాళ్లకీ, సంగీతం క్లాసులు చెప్పేవాళ్లకీ, ఈ-పుస్తకం అమ్ముకునే రచయితలకీ, యోగా నేర్పేవాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఇది: ధర మనమెందుకు చెప్పాలి, ఎవరికి తోచింది వాళ్లు ఇవ్వనీ. ఆలోచన మంచిదే. కానీ ‘మీ ఇష్టం’ అంటే ఒక్క పద్ధతి కాదు. అందులో అరడజను రకాలున్నాయి. ఒకచోట చక్కగా నడిచింది ఇంకోచోట షాపు మూయిస్తుంది. అందుకే ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. ఇంకో మనిషి అదనంగా వస్తే మీ చేతి నుంచి ఎంత పోతుంది? డబ్బు కట్టేటప్పుడు మొహమాటం ఎవరి మీద పడుతుంది?

మొదట లెక్క

ఒక మెస్సు అనుకుందాం. బియ్యం, పప్పు, కూరలు, నూనె, గ్యాసు కలిపి ఒక భోజనానికి నేరుగా అయ్యేది 70 రూపాయలు. అద్దె, జీతాలు, కరెంటు కలిపి రోజుకు 4,000. ధర 120 పెట్టి వంద భోజనాలు అమ్మితే 12,000 వస్తుంది. సరుకులకు 7,000, స్థిర ఖర్చులకు 4,000 పోగా 1,000 మిగులుతుంది.

ఇప్పుడు ధర తీసేశారు. మనిషికి సగటున 97 ఇచ్చారు, జనం వంద నుంచి 130కి పెరిగారు. గల్లాలోకి 12,610 వచ్చింది, అంటే ముందుకన్నా ఎక్కువే. సరుకులకు 9,100, స్థిర ఖర్చులకు 4,000 తీసేస్తే మాత్రం 490 నష్టం. పాత మిగులు మళ్లీ కళ్లజూడాలంటే రోజుకు 186 భోజనాలు పెట్టాలి. అన్నిటికీ పొయ్యిలు, బల్లలు, వడ్డించే చేతులు ఉన్నాయా? ‘జనం బాగా వస్తున్నారు, గల్లా నిండుతోంది’ అని సంబరపడుతూనే మూతబడే హోటళ్లు ఈ లెక్క దగ్గరే దెబ్బతింటాయి.

ఆ 97 ఊరికే వేసిన అంకె కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రెస్టారెంట్ మధ్యాహ్నం బఫేకి ధర తీసేసి చూస్తే, మామూలుగా 7.99 యూరోలయ్యే భోజనానికి జనం సగటున 6.44 ఇచ్చారు. దాదాపు 19 శాతం తగ్గుదల. పైన అదే తగ్గుదల వేశాం. 2009లో అచ్చయిన ఆ పరిశోధనలోనే సినిమా టికెట్ సగటు 6.81 నుంచి 4.87కి పడిపోయింది. కాఫీ, టీల్లాంటి వేడి పానీయాలకు మాత్రం 1.75 బదులు 1.94 ఇచ్చారు. చిన్న మొత్తాల దగ్గర జనం చిల్లర చూసుకోకుండా పైకి సర్దేస్తారు, పెద్ద మొత్తాల దగ్గర చెయ్యి బిగుస్తుంది.

మేం వాడే కొండగుర్తు ఇది. మీ మామూలు ధరలో నేరుగా అయ్యే ఖర్చు ఐదో వంతు కన్నా తక్కువైతే (ఈ-పుస్తకం, రికార్డు చేసిన పాఠాలు, ఖాళీ సీట్లుండే క్లాసు) ధర వదిలేసి చూడొచ్చు. సగానికి మించితే పూర్తిగా వదిలేయకండి, కనీస ధర పెట్టండి. మధ్యలో ఉంటే ఎంచిన ఒకే వస్తువుకి, ఎంచిన ఒకే రోజున చూడండి.

మొహమాటం ఎటు లాగుతుంది

ధర లేని చెల్లింపు మనకు కొత్త కాదు. పెళ్లిలో చదివింపుల దగ్గర ఎవరూ ధర చెప్పరు. అయినా 116 ఇవ్వాలా, 516 ఇవ్వాలా, 1,116 ఇవ్వాలా అన్నది ఇంట్లో బయల్దేరేటప్పటికే తేలిపోతుంది. మనింటి పెళ్లికి వాళ్లెంత చదివించారో బీరువాలోని పాత పుస్తకంలో రాసి ఉంటుంది కాబట్టి. ఇవ్వాల్సిన అంకె తెలుసు, ఆ ఇంటితో రాకపోకలు సాగుతాయని తెలుసు, ఇచ్చింది ఏదో ఒక రోజు తిరిగొస్తుందని తెలుసు. మీ దగ్గరికి మొదటిసారి వచ్చిన మనిషికి ఈ మూడింట్లో ఒక్కటీ తెలియదు. ‘మీకు తోచింది ఇవ్వండి’ అన్న బోర్డు చూసి ఆయన పక్కవాడి చేతిలోకి తొంగిచూస్తాడు. వ్రతం చేయించిన పురోహితుడికి సంభావన ఎంతివ్వాలో ముందురోజే పక్కింట్లో కనుక్కోవడం కూడా ఇందుకే.

ఈ ఇబ్బంది మనిషి చేత ఎక్కువ ఇప్పిస్తుందని కొందరు ధీమాగా ఉంటారు. ఒక పడవ విహారంలో యాత్రికుల ఫొటోలు తీసి అమ్మి చూశారు. మామూలు ధర 15 డాలర్లు. కొందరికి 5 డాలర్లకే ఇచ్చారు, ఇంకొందరిని ఇష్టమొచ్చినంత ఇమ్మన్నారు. 5 డాలర్లన్నప్పటికంటే ఇష్టమొచ్చినంత అన్నప్పుడే తక్కువమంది కొన్నారు. తక్కువిచ్చి చిన్నబుచ్చుకోవడం కన్నా వద్దనుకుని వెళ్లిపోవడమే వాళ్లకు నయమనిపించింది. వియన్నాలో ‘డెర్ వీనర్ దీవాన్’ అనే పాకిస్తానీ భోజనశాల ఉంది. 2005 నుంచి తిన్నంత తినండి, తోచినంత కట్టండి అన్న పద్ధతిలో నడిచింది. అక్కడ చేసిన పరీక్షలో, ఎవరెంత కట్టారో తెలిసేలా కట్టినవాళ్లకన్నా తెలియకుండా కట్టినవాళ్లే ఎక్కువ ఇచ్చారు. ఈ రెండూ 2012లో వెలువడిన ఒకే పరిశోధనలోవి.

మన దగ్గర దీన్ని పాడుచేసే వస్తువు గల్లా మీదే కూర్చుని ఉంటుంది. యూపీఐ సౌండ్‌బాక్స్. ‘ఇరవై రూపాయలు అందాయి’ అని బల్ల మీద తింటున్న పదిమందికీ వినిపించేలా చెబుతుంది. ఆ మాట విన్న రెండోమనిషి ఇరవయ్యే ఇస్తాడు. లేదా ఇరవై ఇచ్చిన మనిషి మళ్లీ రాడు. ‘మీ ఇష్టం’ పెట్టిన రోజున సౌండ్‌బాక్స్ గొంతు పూర్తిగా తగ్గించండి. క్యూఆర్ కోడ్‌ను గల్లా దగ్గర నుంచి తీసి బల్లల మీద గానీ, చెయ్యి కడుక్కునే చోటికి పోయే దారిలో గానీ అతికించండి. కట్టినవాళ్ల పేరు, మొత్తం ఎలాగూ మీ ఫోన్‌లోకి వస్తాయి. కనుక ఫోన్ చూసుకుంటూ వాళ్ల ఎదురుగా నిలబడకండి. నగదుకి పక్కనే మూతపెట్టిన డబ్బా ఉంచండి, అద్దాలది వద్దు.

పద్ధతులు, ఏది ఎక్కడ నిలుస్తుంది

పూర్తిగా మీ ఇష్టం. వినడానికి అన్నిటికన్నా అందమైనది, నడపడానికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దశాబ్దాల పాటు సూచించిన రుసుము పెట్టి, కట్టేది మీ ఇష్టమంది. 2004లో సందర్శకుల్లో 63 శాతం పూర్తి మొత్తం కట్టేవాళ్లు. ఆ పద్ధతి మార్చే నాటికి అది 17 శాతానికి దిగింది. పైగా బోర్డు మీది మాటలు తప్పుదారి పట్టిస్తున్నాయని కోర్టుకీ వెళ్లారు. చివరికి 2018 మార్చి నుంచి బయటివాళ్లలో చాలామందికి ధర స్థిరం చేసి, న్యూయార్క్ రాష్ట్రవాసులకు మాత్రం పాత పద్ధతి ఉంచారు. అమెరికాలోనే పనేరా అనే పెద్ద బేకరీ సంస్థ 2010లో తెరిచిన ‘పనేరా కేర్స్’ దుకాణాలు ఖర్చులు నిలబెట్టుకోలేక ఒక్కొక్కటే మూతబడి, 2019లో ఆఖరిదీ ఆగిపోయింది. ఈ రెండుచోట్లా వచ్చేవాళ్లు చాలామంది ఒక్కసారి వచ్చిపోయేవాళ్లో, ఒకరికొకరు తెలియనివాళ్లో. మళ్లీ మళ్లీ కనిపించే మనుషులున్నచోట, అంటే కాలనీ యోగా క్లాసు, ఊరి గ్రంథాలయం, నెలనెలా వచ్చే పత్రిక లాంటివాటికి ఇది నిలిచే అవకాశం ఎక్కువ.

కనీసం ఇంత, పైన మీ ఇష్టం. చిన్న వ్యాపారానికి ముందుగా మేం చెప్పేది ఇదే. కనీసం అంటే నేరుగా అయ్యే ఖర్చు, దానికి కాస్త పైన. మన మెస్సులో 70 కాదు, 80 పెట్టాలి. ఎందుకంటే చాలామంది కనీసం దగ్గరే ఆగిపోతారు. దాన్ని లోటుగా చూస్తే ఈ పద్ధతి మీకు నప్పదు. ఆన్‌లైన్లో ఇది సులువు. రేజర్‌పే పేమెంట్ పేజీలో ‘మొత్తం కస్టమరే నిర్ణయిస్తారు’ అన్న ఏర్పాటుంది, దాంట్లో కనీసం ఎంతో పెట్టొచ్చు. సంగీతానికి బ్యాండ్‌క్యాంప్, చిన్న కంప్యూటర్ ఆటలకు ఇచ్.ఐఓ, ఫైళ్లకు గమ్‌రోడ్ అనే సైట్లు ఇదే వీలు ఇస్తాయి. కంప్యూటర్ ఆటలను కట్టగా కలిపి అమ్మే హంబుల్ బండిల్ (2010లో మొదలైంది) దీనికో మెలిక పెట్టింది: అప్పటిదాకా అందరూ ఇచ్చిన సగటు కన్నా ఎక్కువ ఇస్తే అదనంగా ఇంకొన్ని ఆటలు. సగటు అంకె తెరమీద కనబడుతూ ఉండటమే అక్కడ చదివింపుల పుస్తకం చేసే పని చేసింది.

మూడు మెట్ల ధర. నెలవారీ క్లాసులకు, వైద్యానికి, సలహాలకు ఇదే మేలైనది. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టి చూపించుకోవాలా, ఉచితంగానా అన్నది రోగే తేల్చుకుంటాడు. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ కట్టగలిగినవాళ్ల రుసుముతో, దాతల సాయంతో కట్టలేనివాళ్లకు ఖరీదైన ఆపరేషన్ కూడా ఉచితంగా జరుగుతుంది. వీళ్ల దగ్గర గమనించాల్సింది ఏమిటంటే, డబ్బును బట్టి మారేది గది, పడక, సౌకర్యం. ఆపరేషన్ నాణ్యత మారదు. మీ క్లాసులోనూ అంతే. 800 కట్టిన పిల్లాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టారంటే పద్ధతి ఆరోజుతో చచ్చినట్టే.

అంకెలు ఇలా వేసుకోండి. ఇరవైమంది పిల్లలు, నెలకు మీకు కావాల్సింది 24,000. మెట్లు 800, 1,200, 1,800. ఆరుగురు కిందిది, పదిమంది మధ్యది, నలుగురు పైది ఎంచుకుంటే సరిగ్గా 24,000. కానీ తొమ్మిదిమంది కిందికి దిగి, పైన ఒక్కరే మిగిలితే 21,000 అవుతుంది. అందుకని 800 మెట్టుకి సీట్లు ముందే లెక్కపెట్టి ఉంచండి, ఏడు దాటనివ్వకండి. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు అడగొద్దు. అడిగితే నిజంగా అవసరమున్నవాళ్లే ముందు వెళ్లిపోతారు. ప్రతి మెట్టు పక్కన అది ఎవరికో ఒక్క వాక్యం చాలు: ‘ఈ నెల ఇబ్బందిగా ఉన్నవాళ్లకు’, ‘క్లాసుకి నిజంగా అయ్యే ఖర్చు’, ‘ఇంకొక బిడ్డ ఫీజులో సాయం చేయగలిగినవాళ్లకు’.

మీ ముందువాళ్లు కట్టేశారు. 2007లో అమెరికాలోని బర్కిలీలో మొదలైన కర్మా కిచెన్ అనే భోజనాల పద్ధతిలో బిల్లు మీద సున్నా ఉంటుంది. మీ భోజనం మీకన్నా ముందొచ్చినవాళ్ల కానుక, మీరిచ్చేది మీ తర్వాత వచ్చేవాళ్లకి. ఇదే మాటను శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కార్టూన్ మ్యూజియంలో పరీక్షించారు. ‘మీ ఇష్టమొచ్చినంత కట్టండి’ అన్నప్పుడు సగటున 2 డాలర్ల పైచిలుకు వస్తే, ‘మీ టికెట్ ఇంకొకరు కట్టారు, మీరు వచ్చేవాళ్లకు కట్టండి’ అన్నప్పుడు 3 డాలర్ల పైచిలుకు వచ్చింది. విపశ్యన ధ్యాన కేంద్రాలు ఇంకో అడుగు ముందున్నాయి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మ ఖేత్త సహా ఎక్కడైనా కనీసం ఒక పదిరోజుల శిబిరం పూర్తిచేసినవాళ్ల దగ్గరే విరాళం పుచ్చుకుంటారు. తనకు ఏం అందిందో తెలిశాకే మనిషి ఇస్తాడు, అదీ తర్వాతివాళ్ల కోసం. ఇక్కడ తిప్పలు మొదట్లోనే ఉంటాయి. మొదటి రోజు వచ్చేవాళ్ల ఖర్చు ఎవరో ఒకరు నిజంగా పెట్టాలి. నెల రోజుల ఖర్చు చేతిలో లేకుండా దీన్ని మొదలుపెట్టకండి. వడ్డనకు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు లేకపోతే రోజూ నడపడం కూడా కష్టం, నెలకో ఆదివారంతో సరిపెట్టుకోండి.

సగం ఫలానా సేవకు. ఒక వినోదాల పార్కులో లక్షమందికి పైగా సందర్శకులతో చేసిన ప్రయోగం 2010లో అచ్చయింది. రైడ్ ఎక్కినవాళ్ల ఫొటో 12.95 డాలర్లకు అమ్మితే కొన్నది సుమారు అర శాతం. ఇష్టమొచ్చినంత అంటే 8.39 శాతం కొన్నారు కానీ సగటున ఇచ్చింది 92 సెంట్లే. ఇష్టమొచ్చినంత ఇవ్వండి, సగం సేవాసంస్థకు వెళుతుంది అంటే కొన్నవాళ్లు 4.49 శాతానికి తగ్గారు, ఇచ్చింది మాత్రం సగటున 5.33 డాలర్లు. అందులో సగం ఇచ్చేశాక కూడా పార్కుకు అన్నిటికన్నా ఎక్కువ మిగిలింది ఈ పద్ధతిలోనే. అర డాలరిచ్చి ఊరుకోవాలనుకున్నవాళ్లు సేవ మాట వినగానే తప్పుకున్నారు. నాణ్యమైన వస్తువుకి, ప్రయాణాల్లో అమ్మే గుర్తువస్తువులకి ఇది బాగుంటుంది. సగం నిజంగా ఇవ్వాలి, ప్రతి నెలా రసీదు గోడమీద అతికించాలి. రసీదు లేకపోతే రెండో నెల నుంచి నమ్మకం పోతుంది.

పూర్తిగా ఉచితం, విరాళం వేరే. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం నడిచేది ఇలాగే. తినేవాడికి, ఇచ్చేవాడికి మధ్య గల్లా లేదు. ఇచ్చినవాళ్ల డబ్బు ట్రస్టులో ఉంటుంది. భక్తి గానీ పెద్ద మూలధనం గానీ వెనక లేని చిన్న సంస్థలు దీన్ని అనుకరించి నిలబడటం అరుదు.

వీటన్నిటికీ పనికిరాని పని ఒకటుంది. పెళ్లి ఫొటోలు, ఇంటి ప్లాన్, వెబ్‌సైట్ లాంటి ఒక్కరి కోసమే వారాల తరబడి చేసే పని. అక్కడ ధర ముందే మాట్లాడుకుని సగం అడ్వాన్సు తీసుకోండి.

ఇంకో మాట. డబ్బేమీ వద్దని ఊరికే పాఠాలు చెప్పేవాళ్ల ఇంటికి వేసవిలో మామిడిపళ్ల బుట్టలు, కొత్త ఆవకాయ జాడీలు వస్తాయి. వాటిని వద్దనకండి. తిరిగి ఇచ్చే దారి పూర్తిగా మూసేస్తే, రుణపడిపోయామన్న బరువుతో మనుషులు రావడం మానేస్తారు. పళ్లు వద్దనుకుంటే ‘క్లాసుకి రెండు చాపలు కావాలి’ అని మీరే చెప్పండి.

బోర్డు, ప్రయత్నం

బోర్డు మీద అంకె ఉండి తీరాలి. మెస్సుకైతే ఇలా: ‘ఈ భోజనానికి మాకు మొత్తం అయ్యే ఖర్చు 110 రూపాయలు. మామూలు ధర 120. ఈరోజు 80కి తగ్గకుండా మీకు వీలైనంత కట్టండి. ఎంత కట్టినా వడ్డన ఒకటే.’ మన ఉదాహరణలో 70కి స్థిర ఖర్చు వంతు 40 కలిపితే 110 వస్తుంది. అబద్ధపు అంకె రాయకండి, సరుకుల ధరలు ఊళ్లో అందరికీ తెలుసు. ‘మీ ఇష్టమండీ’ అని నోటితో ఇంకోసారి అనకండి, అది మళ్లీ మొహమాటం పెట్టినట్టే.

మొదటి నాలుగు వారాలు వారానికి ఒక్క రోజే చూడండి, రద్దీ తక్కువుండే మంగళ, బుధవారాల్లో ఒకటి. ఆ రోజు మూడు అంకెలు రాయండి: ఎంతమంది తిన్నారు, కనీసం మాత్రమే కట్టినవాళ్లెందరు, చెల్లింపులన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పెడితే సరిగ్గా మధ్యలో పడేది ఎంత. సగటు ఒక్కదాన్నే నమ్మొద్దు. చుట్టం ఒకాయన ప్రేమగా 2,000 ఇచ్చాడంటే సగటు ఆరోజు మిమ్మల్ని మోసం చేస్తుంది. మొదటి వారం కొత్త కాబట్టి, తెలిసినవాళ్లు వస్తారు కాబట్టి అంకెలు ఎప్పుడూ బాగుంటాయి. మూడో, నాలుగో వారాల అంకెలు చూసి నిర్ణయించండి. మధ్య అంకె ఎంతకు దిగితే ఆపేస్తారో మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోండి.

పన్ను, ఆపడం

‘విరాళం’ అని బోర్డు మీద రాసినంత మాత్రాన పన్ను తప్పదు. భోజనానికో పాఠానికో బదులుగా వచ్చిన డబ్బు, ఎంతైనా సరే, మీ వ్యాపార ఆదాయమే. జీఎస్టీకి కూడా అది ప్రతిఫలం కిందికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు (80జీ) రసీదు ఇవ్వాలంటే దానికి అనుమతి ఉన్న ట్రస్టో సంస్థో ఉండాలి. దాత 2,000కి మించి నగదుగా ఇస్తే ఆయనకు ఆ మినహాయింపు రాదు. విదేశాల్లోని తెలుగువాళ్లు పంపే డబ్బు విషయంలో తేడా గుర్తుంచుకోండి. భారత పౌరులైన ఎన్నారైలు తమ సొంత సంపాదన నుంచి ఇస్తే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, సేవాసంస్థకు విరాళమిస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. మామూలు వ్యాపారంలో ఇచ్చిన వస్తువుకో సేవకో కట్టిన రుసుముకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి వాళ్లకు పంపే ఇన్వాయిస్‌లో ‘విరాళం’ అని కాకుండా ‘కోర్సు రుసుము’ అనే రాయండి.

మానేయాల్సి వస్తే ఒక్కసారిగా స్థిర ధరకు దూకకండి. ముందు కనీస ధర పది రూపాయలు పెంచండి, నెల తర్వాత స్థిర ధర పెట్టండి, రెండు వారాల ముందే బోర్డు మార్చండి. ఇన్నాళ్లూ కనీసంతోనే రోజూ తిన్న విద్యార్థులో కూలీలో ఉంటే, వాళ్లకోసం రోజుకు ఐదు భోజనాలు పాత ధరకే ఉంచి, కూపన్లు ముందురోజు సాయంత్రమే విడిగా పిలిచి చేతికివ్వండి.